ఒక్కటే కుర్చీ

“అన్నా, ఆ కుర్చీ ఇంకెంతసేపు కావాలె మీకు?”

నీలా ఇలా అడగడం మూడోసారి. గుట్ట కింద గేటు దాటగానే సిమెంటు దారి మొదలవుతుంది. ఒక్క మెట్టు కూడా లేకుండా, బండల మధ్య మెలికలు తిరుగుతూ పైదాకా పోతుంది. నడవలేని వాళ్ళు కూడా కుటుంబంతో వచ్చి గుట్టెక్కవచ్చని గేటు మీద పెద్ద బోర్డు పెట్టారు. చక్రాల కుర్చీ మాత్రం ఒక్కటే ఉంది. ఆ ఒక్కటీ గంటన్నర నుంచి ఈ కుర్రవాడి దగ్గరే ఉంది.

“అయిపోయింది అక్కా. ఇంకొక్క షాట్,” అన్నాడతను తల తిప్పకుండానే, ఫోను స్టాండు సరిచేసుకుంటూ.

కుర్చీలో అరవై అయిదేళ్ళ పెద్దాయన. తల భుజం మీదికి వాలి ఉంది. చేతులు ఒళ్ళో చచ్చుగా పడి ఉన్నాయి.

కుర్రవాడు డబ్బా తెరిచి పెరుగన్నం ముద్ద తీశాడు. “నాయినా, నిన్ను గుట్టకు తీసుకపోతనన్న గద. తెచ్చిన సూడు,” అని ఫోనుకు వినబడేలా చెప్పి ముద్ద నోట్లో పెట్టాడు. సగం గడ్డం మీదికి కారింది. తువ్వాలుతో ప్రేమగా తుడిచాడు. తర్వాత పరుగెత్తుకెళ్ళి ఫోనులో చూసుకున్నాడు. నచ్చలేదు. వెనక్కి వచ్చి, తుడిచిన చోటే వేలితో మళ్ళీ పెరుగు పూశాడు.

“ఇంకా జర కారనియ్ నాయినా,” అన్నాడు.

పెద్దాయన మెడ మీదుగా పెరుగు చొక్కాలోకి దిగుతోంది. ఈగలు ముసురుతున్నాయి. వాటిని తోలడానికి కూడా ఆయన చెయ్యి లేవడం లేదు. కుర్రవాడు ఈగలను తోలలేదు సరికదా, ఫోనును ఇంకా దగ్గరికి జరిపాడు.

నీలా విసురుగా గేటు దగ్గరికి నడిచింది. కాపలా మనిషి హర్యా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

“కుర్చీ ఇప్పియ్యి కాకా. మా అమ్మ గంటన్నర నుంచి ఎదురుసూస్తున్నది.”

“ఆధార్ కార్డు పెట్టి తీసుకున్నరు బిడ్డా. గుంజుకోవాల్నా నేను? అయిదున్నరకైతే గేటు మూస్త.”

అప్పటికే అయిదు దాటింది. నీలా తల్లి పార్వతి ఎండకు కాలిన సిమెంటు బెంచీ మీద, పడిపోయిన కుడికాలిని చాపుకొని కూర్చుంది. చిన్నప్పుడు మేకలు తోలుకొని ఆమె ఎక్కి దిగిన గుట్ట ఇది. పక్షవాతం వచ్చిన ఈ మూడేళ్ళలో ఇల్లు, దవాఖాన తప్ప ఏమీ చూడలేదు. మెట్లు లేని దారి వేశారని విన్నప్పటి నుంచి, పైనుంచి ఒక్కసారి సాగర్ కాలువ చూడాలని అడుగుతోంది. బడికి సెలవు పెట్టి, మిర్యాలగూడ నుంచి ఆటో మాట్లాడుకొని తీసుకొచ్చింది నీలా.

“యాడీ, ఇంకొక్క అయిదు నిమిషాలు,” అంది తల్లితో.

“నా సంగతి ఇడిసిపెట్టు. ఆ మనిషిని సూడు. నోట్ల ముద్ద మింగనిస్తలేడు,” అంది పార్వతి.

నిజమే. ఈసారి కుర్రవాడు పెద్దాయన నోట్లో సగం నమిలిన అరటిపండును వేలు పెట్టి బయటికి లాగుతున్నాడు. మళ్ళీ మొదటి నుంచి తీయాలట.

నీలా ఇక ఆగలేకపోయింది. వెళ్ళి ఫోనుకు అడ్డంగా నిలబడింది.

“సిగ్గున్నదా నీకు? నోట్ల కూడు గుంజి ఫోన్లకు సూపిస్తవా? కన్నతండ్రేనా ఈయన?”

“మా ఇంటి ముచ్చట నీకెందుకక్కా?”

“నడిరోడ్డు మీద పెట్టినంక మీ ఇంటి ముచ్చట ఎట్లయితది? పోలీసులకు ఫోన్ చేస్త.”

కుర్రవాడు ఒకసారి కుర్చీ వైపు చూసి తల దించుకున్నాడు. పెద్దాయన కళ్ళలోంచి నీళ్ళు జారి పెరుగులో కలిశాయి.

నీలా కుర్చీ పిడి పట్టుకోబోయింది.

“వద్దు బిడ్డా,” వెనక నుంచి పార్వతి పిలిచింది. “నన్ను గాడికి పట్టుకపో.”

కూతురి భుజం ఆసరాతో, కాలు ఈడ్చుకుంటూ, పది అడుగులకు మూడుసార్లు ఆగి, ఆమె కుర్చీ దగ్గరికి చేరింది. ఈగలను తోలింది. కొంగుతో ఆయన గడ్డం, మెడ శుభ్రంగా తుడిచింది. ఆయన చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

“ఏడువకన్నా. మంచాన పడ్డోళ్ళ కష్టం నాకెరుకే. కుర్చీ నువ్వే ఉంచుకో, నువ్వే పైకి పో. నాకు బిడ్డ ఉన్నది, ఎప్పుడన్న తీసుకొస్తది. నీకు మళ్ల దొరకకపోవచ్చు.”

పెద్దాయన పెదవులు వణికాయి. పార్వతి ఆ చెయ్యి వదలకుండా చాలాసేపు ఏడ్చింది. కుర్రవాడు స్టాండు పక్కన కదలకుండా నిలబడ్డాడు.

హర్యా విజిల్ ఊదాడు. పైకి ఎవరూ వెళ్ళలేదు.

తల్లిని ఆటో ఎక్కిస్తూ నీలా, “థూ, ఏం పుట్టుక పుట్టిండు వాడు,” అంది.

“మనం తిట్టొద్దు. ఆ తండ్రి వింటె బాధపడతడు,” అని పార్వతి గేటు వైపు తిరిగి చూసింది.

ఆటో కనుమరుగయ్యాక కుర్రవాడు కుర్చీని హర్యా స్టూలు దాకా తోసుకొచ్చి ఆపాడు. పెద్దాయన తల నిటారుగా ఎత్తి, రెండు కాళ్ళూ నేల మీద పెట్టి లేచాడు. ఒళ్ళు విరుచుకున్నాడు. చొక్కా దులుపుకుంటూ చకచకా నడిచి వెళ్ళి మోటారుసైకిల్ స్టార్ట్ చేశాడు.

“ఆమె నా చెయ్యి పట్టుకొని ఏడ్సింది మొత్తం పడ్డదా?” అని అడిగాడు.

“పడ్డది సార్,” అన్నాడు కుర్రవాడు, వెనక ఎక్కి కూర్చుంటూ.