గుడ్లగూబ కొట్టు

"ఈసారి లాంతరు కొట్లో కొను నాన్నా. సగం ధరకే ఇస్తన్నారు," అంది అబిగయీలు.

"సగం ధరది మనకెందుకు బుజ్జమ్మా? గుడ్లగూబ తెరువు," అన్నాడు సుశీల్ కుమార్.

కంప్యూటర్‌లో కూడా కొట్లు ఉంటాయని, వాటిలో ఆటలు అమ్ముతారని అల్లూరులో ఎంతమందికి తెలుసో గానీ అబిగయీలుకి బాగా తెలుసు. తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కనే ఉంటాయి. లాంతరు బొమ్మ నొక్కితే ఒక కొట్టు, గుడ్లగూబ బొమ్మ నొక్కితే ఇంకో కొట్టు. లాంతరు కొట్లో ధర తక్కువ. ఒకసారి కొంటే ఆట ఇక మనదే, నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు. గుడ్లగూబ కొట్లో అన్నీ పూర్తి ధరే. కొన్నవాళ్లు తమ పేరుతో లోపలికి వెళ్తేనే ఆట తెరుచుకుంటుంది. వాళ్లు బయటికొస్తే ఆటా వాళ్లతోనే పోతుంది.

అయినా సరే, సుశీల్ కుమార్ ఎప్పుడూ గుడ్లగూబ గడపే తొక్కేవాడు.

అతనూ డెబోరా విడిపోయి చాలా రోజులైంది. పిల్ల తల్లి దగ్గర ఉండాలి, తండ్రి నెలకొక ఆదివారం వచ్చి చూసుకోవాలి. చర్చి పెద్దలు అట్లా తీర్మానం చేశారు. ఆరాధన అయ్యే వేళకి నెల్లూరు నుంచి బండి మీద దిగేవాడు. ఎంత ఎండైనా, వానైనా ఒక్క నెల తప్పలేదు. ఆ మాట మాత్రం చెప్పుకోవాలి.

వచ్చినప్పుడల్లా కొత్త ఆట. "కళ్లు మూసుకో," అనేవాడు. తెరిచేసరికి ఆట తెర నిండా ఉండేది. తండ్రీకూతుళ్లు ఒకే కుర్చీలో ఇరుక్కుని ఆడేవాళ్లు. ఒక నెల పడవ ఆట. తుఫానులో వల వేసి, చేపలతో పడవను రేవుకి చేర్చాలి. ఇంకో నెల కోట ఆట. ఇంకో నెల గుర్రాలు.

పడవ సరిగ్గా నడిసముద్రంలో ఉండగా అతను గడియారం చూసుకుని లేచాడు.

"ఇంకొంచెంసేపు నాన్నా. రేవు దీపం కనపడతా ఉంది."

"వచ్చే నెల. దీన్ని నాతోనే తీసకపోతా. నువ్వొక్కదానివే ఆడేస్తే నాకేం మిగులుద్ది? ఇద్దరం కలిసే ఆడాల."

ఆ మాటకి పిల్ల మొహం వెలిగిపోయింది. వచ్చే నెల వచ్చాడు, కోట తెచ్చాడు. పడవేదని అడిగితే, "యాడికి పోద్ది, మనింట్లో భద్రంగా ఉంది," అన్నాడు.

డెబోరా వంటింట్లోంచి వినేది. రొయ్యల కంపెనీలో తలకాయలు తుంచే పని ఆమెది. పొద్దస్తమానం ఐసు నీళ్లలో నానిన వేళ్లు ఇంటికొచ్చాక గ్లాసు కూడా సరిగ్గా పట్టుకోలేవు.

"గడియారం చూసుకుంటా ఆడే ఆటేందో! ఇంటికాడ కొత్తామె కోప్పడతాదేమో," అనేది.

"మీ అమ్మకి తెలిసిన కొట్టు చేపల కొట్టొకటే," అని నవ్వేవాడు సుశీల్ కుమార్. పిల్లా నవ్వేది.

ఆ నవ్వు డెబోరాకి ముల్లులా గుచ్చుకుంది. పిల్ల పుట్టినరోజుకి, వాళ్లనీ వీళ్లనీ అడిగి, ఆ మొద్దుబారిన వేళ్లతోనే ఒక్కో అక్షరం వెతుక్కుని, లాంతరు కొట్లో అదే పడవ ఆట కొంది.

అబిగయీలు చూసి, "సగం ధరదా?" అంది.

"ఆట అదేగా మే."

"అదెట్టవుద్ది? నాన్న దగ్గరున్న దాంట్లో మా పడవుంది. దీంట్లో ఎవరి పడవుంది?"

లాంతరు బొమ్మ మళ్లీ నొక్కనేలేదు.

ఏడో తరగతి పరీక్షలు అయిపోయాక సుశీల్ కుమార్ పెద్దల ముందు మాట పెట్టాడు. పిల్లని నెల్లూరు తీసుకుపోయి మంచి స్కూల్లో వేస్తానన్నాడు. "ఇంట్లో చంటిది కూడా ఉంది. అక్క ఉంటే దానికీ తోడు," అన్నాడు.

పెద్దల్లో పెద్ద క్రీస్తుదాసు గారు చర్చి వరండాలో పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఇద్దరూ నీవాళ్లే తల్లీ. ఎవరి దగ్గర ఉంటావో నీ నోటితో చెప్పు."

డెబోరా చేతులు కొంగులో దాచుకుంది. ఆమెకున్నది ఈ ఒక్క పిల్ల.

"నాన్న దగ్గర," అంది అబిగయీలు.

"ఎందుకమ్మా?"

"మా ఆటలన్నీ అక్కడే ఉండాయి. ఒక్కటి కూడా పూర్తి కాలేదు."

పెద్దలు నవ్వుకున్నారు. క్రీస్తుదాసు గారు ప్రార్థన చేశారు. అందరితోపాటు డెబోరా కూడా ఆమేన్ అంది. అనకపోతే బాగుండదు కదా.

పిల్ల బండెక్కేటప్పుడు డెబోరా రొయ్యల పచ్చడి సీసా సంచిలో కుక్కింది. "పడవ రేవుకి చేరినాక నాకు ఫోన్ చెయ్యి మే," అంది.

నెల్లూరులో ఇంట్లో అడుగు పెట్టగానే అబిగయీలు చేతిలో సంచి కూడా దించకుండా కంప్యూటర్ ముందు కూర్చుంది. తండ్రి పేరుతో గుడ్లగూబ తెరుచుకుంది. లోపల పడవ లేదు. కోట లేదు. గుర్రాల్లేవు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికింది.

"నాన్నా, మన పడవ యాడ?"

సుశీల్ కుమార్ ఏడుస్తున్న చంటిదాన్ని తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

"ఇంకా యాడుంటాదమ్మా, రెండు గంటలు ఆడకముందే వెనక్కిచ్చేస్తే ఆ కొట్టోళ్లు డబ్బంతా తిరిగిచ్చేస్తారు, అందుకే గదా ఎప్పుడూ గుడ్లగూబలోనే కొనేది."