వంశవృక్షంలో కొత్త పేరు

కన్నబిడ్డను ఎవరైనా తమదేనంటూ ఎత్తుకుపోతారేమోనన్నదే దమయంతికున్న పెద్ద భయం.

కెనడాలోని విండ్సర్‌లో విద్యార్థులు పోటెత్తిన ఏడాది, భర్త మహీధర్ కాలేజీ దగ్గర వాళ్లకు అద్దెకు దొరికింది ఓ పాత ఇంటి బేస్‌మెంటొక్కటే. పైన ముసలి దొరసాని ఒంటరిగా ఉంటుంది. ఇంగ్లండు జమీందార్ల వంశానికి ఆమే ఆఖరు. ఆ వంశవృక్షం పటం వీళ్ల బేస్‌మెంటు గోడకే వేలాడుతోంది.

ఆ రాత్రి పాపకు పాలిస్తూ చూస్తే, దొరసాని పేరు కింద తడి ఆరని సిరాతో ఇంకో పేరుంది. ఏడో తరగతితో చదువాగిన దమయంతి ఆ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంది. రేపు బారసాలలో బియ్యంలో రాయించాలని, మొగుడికైనా చెప్పకుండా దాచుకున్న పేరది.

నైట్‌షిఫ్టులో ఉన్న మహీధర్‌కు ఫోన్ చేసింది. "ఏమండీ, గోడమీద మన పాప పేరుందండీ!"

"జమీందార్లతో వియ్యమందావన్నమాట! పడుకోవే," అని నవ్వాడు.

పాప గుక్కపట్టింది. పైనుంచి ఎవరో ఆ పేరే మెల్లగా పిలిచారు. పాప ఠక్కున ఊరుకుంది.

ఆ వీధిన వెళ్లేవాళ్లు ఒక్కసారి తలుపు తట్టండి. పాప ఇంకా తల్లి ఒళ్లోనే ఉందో, దొరసాని ఒళ్లో ఉందో చూడండి.