జరిమానా తిరిగి వేయండి

ఆ టీవీ నోరు నొక్కి ఇలా నా పక్కకి రా. కాళ్ళు ముడుచుకో, నాకూ కాస్త చోటివ్వు. పన్నుల ఆఫీసుకి వెళ్ళి, నా జరిమానా నాకు తిరిగి వేయండని గొడవపడిన ఒకావిడ సంగతి చెబుతాను. అప్పుడే నవ్వకు, నవ్వే కథ కాదు.

"మాఫీ నాకొద్దు సారూ! ముందు ఎంత వేశారో అంతా మళ్ళీ వేయండి," అంటూ ఆవిడ చేతిలోని కాగితాన్ని అధికారి బల్ల మీద పరిచింది. గోళ్ళ సందుల్లో జిప్పులకు రుద్దే మైనం ఇంకా అలాగే ఉంది. సూట్‌కేసులకు చక్రాలు, జిప్పులు వేసే చిన్న దుకాణం వాళ్ళది. మొగుడు ఆసుపత్రి పాలయ్యాక ఆవిడే నడుపుతోంది. ఆ హడావుడిలో పన్ను కాగితాలు ఆలస్యమై జరిమానా పడింది. అది కట్టాలంటే దుకాణం అమ్ముకోవాల్సిందే.

అధికారి కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "నా ఉద్యోగంలో ఇలా అడిగినవాళ్ళని చూడలేదమ్మా. మాఫీ వద్దా? ఎందుకని?"

"ఎందుకిచ్చారో మీరే చదవండి."

ఆయన చదివాడు. "దుకాణం యజమాని మరణించినందున..."

"బతికే ఉన్నాడు సారూ! పొద్దున ఈ చేత్తోనే పాలు తాగించి వచ్చాను. సగం మీద పోసుకుని, చొక్కా పాడుచేశావని నన్నే తిట్టాడు."

అధికారి ముఖం మారిపోయింది. ఆవిడ వెనక ఒదిగి నిలబడ్డ మనిషి వైపు చూశాడు. ఆమెని అందరూ లెక్కలావిడ అంటారు. చిన్నచిన్న దుకాణాలవాళ్ళకి పన్ను కాగితాలు రాసిపెట్టడం, జరిమానా పడితే వాళ్ళ తరఫున వచ్చి మాఫీ అడగడం ఆమె పని.

"ఏమిటమ్మా ఇది? జబ్బయితే సగం మాఫీ, మరణమైతే మొత్తం. అందుకని బతికున్న మనిషిని చంపేస్తారా? మరణ పత్రం తర్వాత ఇస్తానంటే, ఏనాడూ మాట తప్పని మనిషి కదా అని మాఫీ చేశాను."

లెక్కలావిడ తల వంచుకుంది. "తప్పు నాదే సార్."

"మీ లైసెన్సు పోతుంది, తెలుసా?"

"తెలుసు సార్."

"తెలుసట!" దుకాణం ఆవిడ గిర్రున తిరిగింది. "చెల్లీ చెల్లీ అని నెత్తిన పెట్టుకున్నాను కదే నిన్ను! మొన్న ఆసుపత్రికి వచ్చావు. నేను టీ తెచ్చేసరికి ఆయన మంచం పక్కన కళ్ళు తుడుచుకుంటున్నావు. పాపం, మేమంటే ఎంత ప్రేమో అనుకుని, నువ్వు చూపించినచోట చదవకుండా సంతకం పెట్టాను. అప్పటికే నీ లెక్కలో ఆయన శవమన్నమాట!"

"అంత మాట అనకు అక్కా."

"అంటాను. దుకాణం పోతే పోనీ, రోడ్డు పక్కన కూర్చుని జిప్పులు వేసుకుంటాం, ఇద్దరం. విన్నావా, ఇద్దరం! ముందు ఆ కాగితంలోంచి ఆయన్ని లేపు!"

ఆవిడ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. అధికారి మంచినీళ్ళ గ్లాసు జరిపాడు.

"ఏడవకండమ్మా. పోయాడని ఒకసారి రాసుకున్నాక వట్టి మాట మీద నేను బతికించలేను. ఆయన గొంతు ఒక్కసారి ఫోన్లో వినిపించండి చాలు, ఈ మాఫీ కొట్టేస్తాను."

ఆవిడ ముఖం వెలిగింది. మొగుడూ పెళ్ళాలకి ఉన్నది ఒకటే ఫోను, అది ఆసుపత్రిలో ఆయన దిండు పక్కనే ఉంది. "నీ ఫోను ఇటు తే," అంటూ లెక్కలావిడ ముందు చెయ్యి చాచింది.

లెక్కలావిడ తన సంచిని గుండెకి హత్తుకుంది. "వద్దక్కా, నీకు దణ్ణం పెడతాను. సార్, నా మీద కేసు పెట్టుకోండి. ఆయన్ని మాత్రం కదపకండి, బాగా నీరసంగా ఉన్నారు."

"ఓహో, ఇప్పుడొచ్చిందా జాలి!" అని దుకాణం ఆవిడ సంచిలోంచి ఫోను లాగేసుకుంది. నంబరు నొక్కి, అందరికీ వినబడేలా పెట్టి, బల్ల మధ్యలో ఉంచింది. "చూడండి సారూ, హలో అనడానికి కూడా విసుక్కుంటాడు," అంటూ కళ్ళు తుడుచుకుని నవ్వింది.

ఇదిగో, ఇక్కడి నుంచి బాగా గుర్తుపెట్టుకో బంగారం. నువ్వు ఇంకొకరికి చెప్పేటప్పుడు కూడా ఇక్కడ కాస్త ఆగు, గొంతు తగ్గించు, ఆ తర్వాత ఆయన మాట ఆయన అన్నట్టే చెప్పు. మోగుతున్నది లెక్కలావిడ నంబరు కదా, మాట్లాడేది ఆమే అనుకున్నాడు ఆయన.

"ఏమ్మా, మాఫీ అయిందా? నేను పోయానని రాయమంటే ఆవేళ అంత ఏడ్చావు, డాక్టరేమో నేను ఈ వారం దాటనంటున్నాడు, నీ మాట అబద్ధం కాదులే... మా ఆవిడకి మాత్రం అప్పటిదాకా తెలియనివ్వకు తల్లీ."