పచ్చి నురుగు

విశాలాక్షి గుడ్డును గిన్నె అంచుకు కొట్టి, సొనను చిన్న గాజు కప్పులోకి జార్చి, ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగింది. తర్వాత కప్పును సింకులో వంపేసింది.

“ఇది పనికిరాదు.”

“అత్తమ్మా, అది మంచిగనే ఉండె కద!” అంది పక్కన నిమ్మకాయలు పిండుతున్న కోడలు ఇందుజ. సొన పల్చబడలేదు, రంగు మారలేదు.

“నీకేం ఎరుక? ఇరవై ఏండ్ల సంది గుడ్లతోనే ఉన్న. గీ ముక్కే నాకు సర్టిఫికెట్.”

ఈ మధ్య ప్రతి డజనులోనూ అత్తమ్మ ఒకటో రెండో ఇలాగే పారబోస్తోంది. తన ముందు పెద్దరికం చూపించుకోవడానికేనని ఇందుజ అనుమానం.

సూరత్ శివారు భేస్తాన్‌లోని ఆ రెండు గదుల ఫ్లాటులో కేకుల వ్యాపారం విశాలాక్షిది. భర్త రైల్వేలో ఉండగా సరదాగా మొదలుపెట్టింది. ఆయన పోయాక అదే ఆమెకు ఊపిరయింది. సూరత్‌లో తెలిసిన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పుట్టినరోజంటే ఆమె నిమ్మ టార్టు ఉండాల్సిందే. గిన్నెలా ఒత్తి కాల్చిన బిస్కెట్టులో కాచిన నిమ్మ గుజ్జు, దానిమీద తెల్లసొననూ చక్కెరనూ గిలకొట్టిన నురుగు. మెరాంగ్ అంటారు దాన్ని. పైపైన మంట చూపించి రంగు తెప్పిస్తుంది గాని, లోపలంతా పచ్చిదే. కింది అంతస్తులో జైనులు. గుడ్ల వాసన మెట్లు దిగకూడదని పని మొదలుపెట్టకముందే నాలుగు అగరుబత్తులు వెలిగిస్తుంది. ఇదివరకు ఒకటే సరిపోయేది.

ఫోన్ మోగింది. బ్యాంకులో పనిచేసే మౌక్తిక. విశాలాక్షి స్పీకర్ నొక్కింది.

“ఆంటీ గారూ, సాయంత్రం టార్టులు గుర్తున్నాయిగా? నాన్నగారికి ఎనభై నిండుతున్నాయి. కరోనాతో పదహారు రోజులు ఆక్సిజన్ మీద ఉండి మొన్ననే ఇంటికొచ్చారు. అన్నం ముట్టడం లేదు. విశాలాక్షమ్మ టార్టయితే తింటానన్నారు.”

“ఎందుకు మర్చిపోత బిడ్డా? వీరరాఘవయ్య సారుకు నా చేతులతోనే చేస్త.”

“మీ ఇంట్లో అందరూ క్షేమమేనా?”

“దీపావళికి మా ముగ్గురికీ వచ్చిపోయింది. నాకైతే రెండ్రోజుల జ్వరమే. మూడోనాడు పొయ్యికాడ నిలబడ్డ.”

ఫోన్ పెట్టేయగానే ఇందుజ చేతులు తుడుచుకుంది.

“అత్తమ్మా, ఇయ్యాల పచ్చి సొన వద్దు.”

“ఏందే?”

“ఆ పెద్దమనిషి ఒంట్లో శక్తి లేదు. గుడ్డుల సాల్మొనెల్లా అని ఒక క్రిమి ఉండొచ్చు. మనకైతే నాలుగు రోజులు కడుపు చెడి తగ్గిపోతది. ఆయనకు మళ్ల దవాఖాననే.”

“అందుకే గద ఒక్కొక్కటి వాసన చూసి ఏస్తున్న!”

“అది వాసనకు దొరకదు. ఆ క్రిమి ఉన్న గుడ్డు సుత మంచి గుడ్డు లెక్కనే ఉంటది. మైక్రోబయాలజీల మూడేండ్లు గదే చదివిన.”

“చదివినవ్ తియ్యి! నా చేతి తిండి తిని ఇరవై ఏండ్లల్ల ఎవలకన్న కడుపునొచ్చిందా?”

“వస్తే మాత్రం ఫోన్ చేసి చెప్తరా?”

విశాలాక్షి చురుక్కున చూసింది. ఇందుజ గొంతు తగ్గించింది.

“సొన, చక్కెర కలిపి మరిగే నీళ్ళ గిన్నె మీద పెడ్త. డెబ్బై రెండు డిగ్రీలు దాటినంక దించి గిలకొడ్త. నురుగు ఇంకా గట్టిగ నిలబడ్తది.”

“ఉడికి ముక్కలైతది.”

“చెయ్యి ఆపకుండ కలిపితే కాదు.”

ఇందుజ గొడవకు సిద్ధపడింది. పోయిన నెల నెయ్యి బదులు వెన్న వాడదామన్నందుకు అత్తమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు. ఇద్దరి మధ్యా భర్త శ్రీహర్ష రాయబారం నడపాల్సివచ్చింది. హజీరాలో డ్యూటీ ముగించుకుని కంపెనీ బస్సు దిగిన మనిషి దిగినట్టే ఒకసారి తల్లి దగ్గరకూ, ఒకసారి పెళ్ళాం దగ్గరకూ తిరిగాడు.

విశాలాక్షి మరో గుడ్డు కొట్టింది. కప్పు ముక్కు వైపు తీసుకెళ్తూ, మధ్యలోనే ఆపేసింది. చాలాసేపు దానిలోకే చూసింది.

“ఆ సారుకు ఏమన్నయితే నేను తట్టుకోలేనే,” అని గిన్నె కోడలి వైపు జరిపింది. “నువ్వే చెయ్యి.”

ఇందుజ తన చెవులను తానే నమ్మలేదు. అత్తమ్మ మనసు మారేలోపే పొయ్యి వెలిగించింది. వేడి కొలిచే కడ్డీలో అంకె యాభై దాటింది, అరవై దాటింది. విశాలాక్షి పక్కనే నిలబడి గిన్నెలోకి తొంగి చూస్తూనే ఉంది.

“మాడువాసన వస్తున్నదా?”

పరీక్ష పెడుతోందనుకుంది ఇందుజ. “ఏమీ లేదత్తమ్మా.”

“మల్లొకపారి చూడు.”

“లేదు అంటున్న కద!”

డెబ్బై మూడుకు దించింది. మిషన్‌తో పది నిమిషాలు గిలకొట్టేసరికి నురుగు పట్టుబట్టలా మెరుస్తూ కొనదేరి నిలబడింది. గిన్నె తలకిందులు చేసినా కదల్లేదు. కొన కత్తిరించిన ప్లాస్టిక్ సంచిలో నురుగు నింపి, టార్టులమీద గోపురాలు మాత్రం విశాలాక్షే పెట్టింది.

సాయంత్రం ఏడు గంటలకు మౌక్తిక మళ్ళీ ఫోన్ చేసింది.

“నాన్నగారు రెండు తిన్నారు ఆంటీ! మూడోది దాచమన్నారు. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదట.”

ఆ మాట అత్తమ్మకు ఎక్కడ గుచ్చుకుంటుందోనని ఇందుజ ఓరకంట చూసింది.

“నేను కాదు బిడ్డా, మా కోడలు చేసింది. ఇంక నుంచి గిట్లనే చేస్తం,” అంది విశాలాక్షి, నవ్వుతూనే.

ఫోన్ పెట్టేశాక ఇందుజకు కళ్ళు చెమర్చాయి. పెళ్ళయిన రెండేళ్ళలో ఆ వంటింట్లో తన మాట చెల్లడం ఇదే మొదలు.

“నా చదువు మీద మీకు గింత నమ్మకం ఉందనుకోలే అత్తమ్మా.”

“నీ క్రిమి సంగతి నాకు సమజ్ కాలేదే.”

“మరి ఎందుకు ఒప్పుకున్నరు?”

విశాలాక్షి వెళ్ళి వంటింటి తలుపు దగ్గరగా వేసి వచ్చింది. కోడలి చెయ్యి పట్టుకుని, గొంతు బాగా తగ్గించింది.

“దీపావళి జ్వరం సంది నాకు ఏ వాసనా తెలుస్తలేదు.”