మిస్సింగ్

"స్టార్ట్ అయితే అయింది గానీ, ఇంజిన్ మిస్సింగ్ కొడుతోందండీ, మధ్యమధ్య దెబ్బ తప్పుతోంది."

గేటు బయటి నుంచి ఆ మాట వినిపించి, టైలరమ్మ కారు బానెట్ కింద నుంచి తల బయటికి తీసింది.

ముప్పై ఏళ్ళ అమ్మాయి. మాసిన నీలం చొక్కా. గోళ్ళ సందుల్లో నల్లగా గ్రీజు.

"ఎవరమ్మా నువ్వు?"

"ఇంజిన్లు బాగుచేసే షాపులో పనిచేస్తాను. చప్పుడు విని ఆగాను. చూడమంటారా?"

"చూడు. ఇప్పటికి ముగ్గురు మెకానిక్కులు వచ్చారు. ముగ్గురూ మూడు మాటలు చెప్పి చక్కాపోయారు."

ఆ కారు సంగతి వీధిలో తెలియనివాళ్ళు లేరు. విడిభాగాలు పెట్టెల్లో తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకునే రకం అది. మొదలుపెట్టింది టైలరమ్మ మొగుడు. చట్రం మీద ఇంజిన్ కూర్చోబెట్టాడో లేదో, ఎవరితోనో వెళ్ళిపోయాడు. రెండేళ్ళయింది.

పోతూ పోతూ వీధి వీధంతా వింటుండగా, "కారు నీకే వదిలేస్తున్నా. కుట్టుమిషన్ తొక్కేదానికి ఇంజిన్ ఎందుకు? కోళ్ళగూడు చేసుకో" అని నవ్వాడు.

ఆ నవ్వు ఆమె చెవుల్లోంచి పోలేదు.

పగలంతా బట్టలు కుట్టింది. సాయంత్రాలు బోల్టులు బిగించింది. ప్రతి బోల్టూ ఆ మనిషి పీక అనుకునే బిగించింది. అందుకే ఒక్కటీ వదులుగా లేదు.

కారు ఊరి ఆ చివర మొగుడూ అదీ ఉండే ఇంటి ముందు ఆపాలి. హారన్ కొట్టాలి. ఇద్దరూ బయటికొచ్చి చూడాలి. ఆమెకి కావలసింది అంతే.

అమ్మాయి చొక్కా చేతులు మడిచి ఇంజిన్ మీదికి వంగింది. నడుస్తున్న ఇంజిన్‌కి ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూసింది. ఒకటోది పీకితే ఇంజిన్ కుంటింది. రెండోదీ అంతే, నాలుగోదీ అంతే. మూడోది పీకినా చప్పుడు మారలేదు.

"ఇదిగో, మూడో సిలిండర్ పని ఎగ్గొడుతోంది. ప్లగ్గు మార్చి చూద్దాం అక్కా. కుదరకపోతే వచ్చే ఆదివారం వస్తాను."

ప్లగ్గు మార్చినా కుదరలేదు. అమ్మాయి చెప్పినట్టే ఆదివారం వచ్చింది. ఈసారి బ్యాటరీ వైరు పట్టుకుని చూసి నవ్వింది.

"ఇది ఇనప బాడీ కాదక్కా, ఫైబర్. దీనికి ఎర్త్ ఇస్తే కరెంటు సరిగ్గా ఎలా తిరుగుతుంది? బోల్టు చట్రానికి తగిలినప్పుడే అందుతోంది. వైరు ఇంజిన్ దాకా లాగాలి."

వైరు లాగారు. స్టార్టింగ్ ఒక్క దెబ్బకి అందుకుంది. మిస్సింగ్ మాత్రం పోలేదు.

పని చేస్తున్నంతసేపూ టైలరమ్మ నోరు ఊరుకోలేదు.

"మొగుడి సంగతి సరే. ఆ మాయలాడిని చూడాలి నేను! పెళ్ళాం ఉందని తెలిసి తెలిసి నా కొంప ముంచింది."

అమ్మాయి చేతిలో పానా ఆగింది.

"ఒకవేళ తెలియదేమో అక్కా?"

"తెలియకపోవడానికి పాలు తాగే పిల్లా? దాని జుట్టు నా చేతికి చిక్కితే కత్తెర పెట్టి మొదలంటా కోసేస్తాను."

అమ్మాయి మళ్ళీ పనిలోకి వంగింది.

మూడో ఆదివారం ఆ పిల్ల ఆయిల్ క్యాన్ తెచ్చింది. కార్బొరేటర్ గొట్టం ఇంజిన్‌కి అతుక్కునే చోట నూనె చుక్కలు వేసింది. మూడో సిలిండర్ దగ్గర చుక్క పడగానే ఇంజిన్ ఒక్క క్షణం కుదురుగా పలికింది.

"దొరికింది! ఇక్కడ ప్యాకింగ్ పోయింది. దొంగగాలి లోపలికి పోతోంది."

కొత్త ప్యాకింగ్‌కి అట్ట తెచ్చి, గీత గీసి, టైలరమ్మ చేతికిచ్చింది.

"మీరే కత్తిరించండి. ఇంత సన్నటి పని మా షాపులో ఎవరికీ రాదు."

టైలరమ్మ కత్తెర గీత మీద నుంచి వెంట్రుకవాసి పక్కకి పోలేదు. అట్ట బిగించాక మిస్సింగ్ దాదాపు పోయింది. చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో నవ్వొచ్చింది.

నాలుగో ఆదివారం అమ్మాయి పొద్దున్నే వచ్చింది. భుజాన బట్టల సంచి.

"ఎక్కడికే ప్రయాణం?"

"ఊరు మారుతున్నానక్కా. పదింటికి బస్సు."

స్క్రూడ్రైవర్‌తో కార్బొరేటర్ స్క్రూ అరచుట్టు తిప్పింది, పావుచుట్టు వెనక్కి తిప్పింది. ఇంజిన్ గొంతు సవరించుకుని, ఒకే తీరుగా పాడసాగింది.

టైలరమ్మ కళ్ళు మెరిశాయి. "ఇప్పుడే పోతా. ఇవాళ ఇద్దరూ ఇంట్లోనే తగలడతారు."

"అక్కా, నన్నూ తీసుకెళ్ళండి. బస్సు పోతే పోనీ. దారిలో మీకో మాట చెప్పాలి."

"నీకెందుకమ్మా ఈ రొచ్చు? ఇది నాకూ వాళ్ళకీ మధ్య ఉన్న లెక్క. నువ్వు బస్సు చూసుకో. మాటేదైనా ఉత్తరం రాయి."

అమ్మాయి స్క్రూడ్రైవర్ పక్కన పెట్టింది. తర్వాత గేటు తీసి, కారు పోయేదాకా పట్టుకుంది.

టైలరమ్మ ఊరి ఆ చివరికి చేరేసరికి పదిన్నర దాటింది. గేటు ముందు కారు ఆపి, చెయ్యి తియ్యకుండా హారన్ కొట్టింది. రెండేళ్ళ కసి అంతా ఆ హారన్‌లో మోగింది.

మొగుడు బయటికొచ్చాడు. గడ్డం మాసింది. కారు చూసి మెట్టు మీదే ఆగిపోయాడు.

"చూశావా నా కోళ్ళగూడు?" అంది టైలరమ్మ. "పిలువు దాన్ని. అదీ వచ్చి చూడాలి."

"లేదు. పొద్దున్నే నా మొహం మీద అంతా చెప్పేసి వెళ్ళిపోయింది."

"దాక్కుందా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "నా పెళ్ళాం చచ్చిపోయిందని చెప్పి తెచ్చుకున్నాను దాన్ని."

టైలరమ్మ చెయ్యి హారన్ మీద నుంచి జారింది.

"నువ్వు బతికే ఉన్నావని నెల కిందట ఎవరో చెప్పారట," అతను ఇంజిన్ వంకే చూస్తూ అన్నాడు. "నిన్ను చూడ్డానికి వచ్చి, చెప్పలేక, నాలుగు ఆదివారాలు దీన్ని బాగుచేసిందట."