కొమ్మకు కట్టిన టైరు

టైరు ఊగింది. గోపాలప్ప చేతిలోని బ్యాటు ఎగిరి అవతల పడింది.

"టైరే గెలిచె లేప్పా," అన్నాడెవరో వెనకనుంచి.

గోపాలప్పకు ఒళ్ళు మండింది. తిరిగి చూస్తే ఒక పొట్టి మనిషి. చేతిలో టిఫిన్ క్యారియర్. బెంగళూరు వైపు వెళ్ళే బండి కోసం వచ్చినట్టున్నాడు.

అవి యుద్ధం రోజులు. బోర్డు మీద వైట్‌ఫీల్డ్ అని రాసి ఉన్నా, కాడుగోడి వాళ్ళకది కాడుగోడి స్టేషనే. దాని పక్కనున్న కానుగ చెట్టుకు పాత కారు టైరు కట్టి, గోపాలప్ప రోజూ సాయంత్రం బాదుతున్నాడు.

ఊరికే బాదడం లేదు. అతను బెంగళూరు విమానాల కార్ఖానాలో పగటి షిఫ్టు ఫిట్టరు. అక్కడికొచ్చిన అమెరికా సోల్జర్లు పనివాళ్ళకు సాఫ్ట్‌బాల్ నేర్పారు. క్రికెట్ బంతికంటే పెద్ద బంతి, చెయ్యి కిందనుంచి తిప్పి విసురుతారు. అది దాటిపోయాక గానీ గోపాలప్ప బ్యాటు తిరిగేది కాదు.

"గోపాలప్పా, బంతి ఇంటికి పోయి అన్నం తింటాండాది. నువ్వింకా తిప్పుతానే ఉండు," అని షెడ్డంతా నవ్వేది.

ఆ నవ్వు ఆగాలంటే ఒకటే దారి. నెలాఖరు ఆదివారం సోల్జర్లతో ఆడే జట్టులో చోటు సంపాదించాలి.

"చేతుల్తో కొడతాండావు. నడుముతో కొట్టల్ల," అన్నాడు పొట్టాయన.

"నడుముతో ఎట్ల కొడతారన్నా?"

"ముందర నడుము తిరగల్ల. చేతులు దాని వెనకాలే వస్తాయి, పిలవకుండానే."

అన్నా అని పిలిచాక ఇంక పేరెందుకు? మనవాళ్ళకు వరస కుదిరితే చాలు, ఊరూ పేరూ అక్కర్లేదు. గోపాలప్ప అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మర్నాడు అన్న ఒక సన్నటి వెదురుబెత్తం తెచ్చాడు.

"తిప్పు. సుయ్యిమనేది యాడ వినపడె?"

"భుజం కాడ."

"జోరంతా వెనకాలే అయిపాయె. బంతి వచ్చే చోట వినపడల్ల."

తానే తీసుకుని ఒకసారి తిప్పాడు. ఆ చప్పుడుకు చెట్టు మీది కాకి లేచిపోయింది.

"యాడ నేర్చుకుంటివన్నా?"

"సోల్జర్లు ఆడతాంటే చూసి."

"మిల్లులోనా పని?"

"మిషన్ల పనే," అంటూ అన్న బండెక్కేశాడు. బెంగళూరులో ఏదో బట్టల మిల్లు అనుకున్నాడు గోపాలప్ప.

ఆనాటినుంచి అదే వరస. ముందు వెదురుబెత్తం, తర్వాత తడి గోనె చుట్టిన బ్యాటు, ఆ తర్వాత ఉత్త బ్యాటు. బరువు తీసేసరికి బ్యాటు దానంతటదే పరుగెత్తేది. టైరుకు తగిలాక చెయ్యి ఆపకూడదు, దాన్ని తోసుకుంటూ పోవాలి. తప్పు చేస్తే అన్న తిట్టేవాడు కాదు. క్యారియర్ కింద పెట్టి, గోపాలప్ప నడుం రెండు చేతులా పట్టుకుని తిరగలిలా తిప్పేవాడు. అంత ఓపిక కన్నతల్లికైనా ఉంటుందా అనిపించేది గోపాలప్పకు.

"ఉండేది ఒక్క చోటన్నా," అన్నాడు ఒకనాడు. "రాత్రి షిఫ్టులో పెద్దమునియప్ప అని ఉండాడంట. నేను చూసిందే లేదు. ఆడ పాతుకోని కూచుండాడు. శానా పొగరంట. వాన్ని పెరికెయ్యల్ల."

"పెరుకుదువులే. వెనక మడమ లేపు," అన్నాడు అన్న.

ఆటకు ముందురోజు, శనివారం, జట్టుకు పరీక్ష. రాత్రి షిఫ్టు వాళ్ళకు పొద్దున, పగటి షిఫ్టు వాళ్ళకు సాయంత్రం. కెప్టెన్ పాపయ్య మైదానంలో చాలా దూరంగా ఉన్న సున్నం గీత చూపించాడు.

"పొద్దున పెద్దమునియప్ప బంతి ఆడ పడింది. ఇంతకుముందు అంత దూరం ఆయన కూడా ఎప్పుడూ కొట్టలేదు. అది దాటిస్తే చోటు నీది."

గోపాలప్ప వెనక మడమ లేపి నిలబడ్డాడు.

బంతి వచ్చింది. నడుము తిరిగింది. చేతులు పిలవకుండానే వచ్చాయి. సుయ్యిమనేది సరిగ్గా ముందర వినిపించింది.

బంతి సున్నం గీతకు జానెడు అవతల పడింది. నవ్వడానికి వచ్చినవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు.

పాపయ్య ఒక అంగీ తెచ్చిచ్చాడు. తెల్లది. కుడి భుజం మీద ఎర్రగుడ్డ అతుకు.

"పెద్దమునియప్పది. ఈ యుద్ధంలో కొత్త అంగీకి గుడ్డ యాడ దొరుకుతాది? తన బంతిని ఎవరన్నా దాటిస్తే వాళ్ళకిమ్మని, ఉతికి పెట్టి పోయినాడు."

అంగీ బిగుతుగా ఉంది. అయినా గోపాలప్ప విప్పలేదు. అలాగే కాడుగోడి బండెక్కాడు. అన్నకు చూపించాలి. ఇంట్లో అమ్మకంటే ముందు అన్నకే చూపించాలి.

పరీక్షతో ఆలస్యమైపోయింది. అతను కాడుగోడిలో దిగేసరికి బెంగళూరు బండి వెళ్ళిపోతోంది. చెట్టు కింద ఎవరూ లేరు. టైరు మాత్రం ఇంకా ఊగుతోంది.

స్టేషన్ పోర్టరు ఆవులప్ప దీపం వెలిగిస్తున్నాడు.

"మామా, ఈడ నాకు రోజూ నేర్పించే అన్న పోయినాడా?"

"ఇప్పుడే పాయె. నీ కోసం శానాసేపు చూసినాడు."

గోపాలప్ప ప్రాణం ఉసూరుమంది. రేపు ఆటకు ఆయన్ను పిలిచి, అందరి ముందూ కాళ్ళకు మొక్కాలనుకున్నాడు. పిలవడానికి పేరైనా తెలియదని అప్పుడు గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

"ఆయన పేరేమి మామా?"

ఆవులప్ప దీపం పైకెత్తి, గోపాలప్ప భుజం మీది ఎర్ర అతుకు కేసి చూశాడు.

"ఆటకు పోయేటప్పుడంతా ఆయన వేసుకోని పోయే అంగీ నువ్వేసుకోని, ఆయన పేరు నన్నడుగుతాండావేమప్పా?"