నేర్పకూడని రాత

రాత నేర్పకూడని పిల్లలకు ఎవరో దొంగచాటుగా రాత నేర్పేశారు!

గంగాధరం పరీక్ష కాగితాలను మళ్లీ మొదటి నుంచి తిరగేశాడు. పిల్లలకు రాయడం ఎలా నేర్పాలో పరిశోధించడానికి మదరాసు నుంచి వచ్చినవాడతను. పాకాల అవతలి ఈ పల్లె బడిలో, సంవత్సరం మొదట్లోనే నాలుగో తరగతిని రెండుగా విడగొట్టాడు. కుడి గదిలో శకుంతలమ్మ కొత్త పద్ధతిలో వ్యాసాలు రాయించాలి. ఎడమ గదిలో దొరస్వామి అయ్యవారు నల్లబల్ల మీద ఏదో ఒకటి రాసి, దించుకోమని ఊరుకోవాలి. కొత్త పద్ధతి గెలిస్తే జిల్లా అంతటా అదే. ఓడితే గంగాధరం పెట్టె సర్దుకోవాలి.

ఎడమ గది గెలిచింది.

"ఏదీ, ఒకటి చదవండి," అన్నాడు బడుల ఇన్‌స్పెక్టరు సుబ్రమణ్యం.

ఇచ్చిన విషయం 'మా ఎద్దు'. గంగాధరం ఎడమ గది కాగితం ఒకటి తీశాడు.

"'అయ్యా, మా ఎద్దు పొద్దెక్కితే గాని లేవదు. లేచినా పని చేయదు. మధ్యాహ్నం దాని గురకకు ఊరి కుక్కలు బెదురుచున్నవి. ఇట్టిదానిని తక్షణమే వేరొక ఊరికి తోలి, మమ్ము కాపాడ ప్రార్థన.'"

ఇన్‌స్పెక్టరు పైపంచెతో కళ్లు ఒత్తుకున్నాడు. "ఏమి రాతప్పా! ఆ ఎద్దును ఇప్పుడే తోలేయాలనిపిస్తా ఉండాది."

"ఇందులో కుట్ర ఉంది సార్!" గంగాధరం శకుంతలమ్మ వైపు తిరిగాడు. "పక్క గదికి పాఠం అందించింది మీరేనా?"

"నా గదిలో పిల్లకాయలకే నా గొంతు సాలదే. ఇంక పక్క గదికి యాడ అందించేది సామీ?"

"దొరస్వామి గారూ, మీరు?"

"ఏడుకొండలవాడి మింద ఆన! నేను ఒక్క పాఠం కూడా సెప్పలా."

పిల్లలను అడిగితే వాళ్లదీ అదే మాట. "మా అయ్యవారు ఏమీ సెప్పడు సార్! ఎప్పుడూ సెప్పలా!" అని గర్వంగా అరిచారు.

"ఎప్పుడూనా?" ఇన్‌స్పెక్టరు కనుబొమలు పైకి లేచాయి.

"ఈయనే గదా సార్ సెప్పొద్దనింది!" దొరస్వామి గంగాధరం వైపు వేలు చూపించాడు.

గంగాధరం బల్ల మీద గుద్దాడు. "ఈ పరిశోధన చెల్లదు! మళ్లీ మొదటి నుంచి చేస్తాను. ఇదే బడి, ఇదే అయ్యవార్లు, ఇంకో మూడేళ్లు!"

"సరే," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "అది ముగిసేదాకా ఈ బడి నుంచి ఎవరికీ బదిలీ లేదు. ఇప్పుడే ఆర్డరు రాస్తాను."

ఆయన కలం మూత తీశాడో లేదో, దబ్బుమని చప్పుడైంది. దొరస్వామి ఆయన కాళ్ల మీద పడి ఉన్నాడు.

"రాయొద్దు సామీ! దొంగను నేనే! మా ఇంటామె చంద్రగిరిలో, నేను ఈడ. బదిలీ కోసరం నా మింద నేనే ఆకాశరామన్న అర్జీలు పెట్టుకుంటా ఉండాను. నా దస్తూరీ మీరు గుర్తుపడతారని పిల్లకాయల సేత రాయించినాను. సదివినోళ్లకు నా మింద మంట పుట్టేదాకా తిప్పి తిప్పి రాయించినాను. మీ ఆఫీసుకు బస్తాడు పంపినాను గదా, ఒక్కటైనా సదివితిరా సామీ?"